పిల్లలు రాసిన ఇంగ్లీషును చదివేదెవరు?

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) సంచాలకులకు గోదావరి జిల్లాల నుంచి బహిరంగ లేఖ



పదో తరగతి పరీక్షలు దగ్గరపడే రోజుల్లో రాజమహేంద్రవరం నుంచి అంతర్వేది దాకా చాలా ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు పీరియడ్‌లో ఒకటే పని జరుగుతుంటుంది. దోమల బెడద గురించి మున్సిపల్ కమిషనర్‌కి ఓ ఉత్తరం, విహారయాత్ర గురించి స్నేహితుడికి ఓ ఉత్తరం, పాఠంలోని పాత్ర రాసుకున్నట్టుగా ఓ డైరీ పేజీ, ఇద్దరి మధ్య ఓ సంభాషణ. అన్నీ గైడులో అచ్చయి ఉన్నవే. పిల్లలు వాటిని కామాలతో సహా కంఠతా పడతారు. మున్సిపాలిటీయే లేని పల్లెటూరి పిల్ల కూడా మున్సిపల్ కమిషనర్‌కే రాస్తుంది. మార్కులు వస్తాయి. అదే పిల్ల ఇంటర్ దాటి కాకినాడలోనో భీమవరంలోనో ఇంజినీరింగ్‌లో చేరాక, మీ ఊరి గురించి పది వాక్యాలు రాయమంటే కలం కదలదు.

ఈ లేఖ ఆ పది వాక్యాల గురించి.

గత కొన్నేళ్లలో ఇంగ్లీషు చదువు మీద రాష్ట్రంలో జరిగినంత వాదం మరే చదువు మీదా జరగలేదు. 2019 నవంబరులో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు పిల్లల చేతికొచ్చాయి. 2023లో టోఫెల్ ఇంగ్లీషు పరీక్షల కోసం, వాటిని నడిపే ఈటీఎస్ సంస్థతో ఒప్పందం కుదిరింది. వీటిలో ఏది మంచిది, ఏది కాదన్నది ఇక్కడ తేల్చే విషయం కాదు. వాదమంతా మీడియం చుట్టూ తిరిగింది. మీడియం ఏదైనా సరే, పిల్లవాడి చేత సొంత వాక్యం రాయించడం, దాన్ని ఒక మనిషి చదవడం, ఎక్కడ తప్పిందో చూపించి మళ్లీ రాయించడం అనే అసలు పని మాత్రం చర్చలో ఎక్కడో వెనకబడిపోయింది.

డెల్టాలో ఈ పని అవసరం ఎవరికి? ఐటీ ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే అనుకుంటే పొరపాటు. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లలో పనిచేసే సూపర్‌వైజర్ రోజూ నాణ్యత రికార్డులు ఇంగ్లీషులోనే నింపాలి. కంటైనర్ ఆలస్యమైతే ఎందుకు ఆలస్యమైందో విదేశీ కొనుగోలుదారుకి నాలుగు ముక్కల్లో రాయాలి. కడియం నర్సరీల నుంచి మొక్కలు దేశమంతా వెళ్తాయి, వాటితోపాటు బిల్లులూ ఉత్తర ప్రత్యుత్తరాలూ వెళ్తాయి. కోనసీమ నుంచి, నరసాపురం వైపు నుంచి కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల కాంట్రాక్టు కాగితాలు ఇంగ్లీషులోనో అరబ్బీలోనో ఉంటాయి. ఆ కాగితంలో ఏముందో ఇంట్లో ఒక పదో తరగతి పిల్ల చదివి చెప్పగలిగితే, తేడా వచ్చినప్పుడు ఎంబసీకి ఒక ఫిర్యాదు సొంతంగా రాయగలిగితే, ఆ ఇంటికి ఎంత ధైర్యం! కంఠతా పట్టిన దోమల ఉత్తరం ఆ రోజు పనికిరాదు.

ఇంగ్లీషు చదువుకి ఈ గడ్డ కొత్తది కాదు. 1850ల్లో నరసాపురం సబ్ కలెక్టరుగా ఉన్న జి.ఎన్.టేలర్ చొరవతో చుట్టుపక్కల ఊళ్లలో బడులు లేచాయి. వాటి ఖర్చుకి రైతులు పన్ను రూపంలో డబ్బు ఇవ్వడానికి ముందుకొచ్చారు. నరసాపురంలో టేలర్ పేరిట హైస్కూలు ఇప్పటికీ ఉంది. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ 1853లో జిల్లా స్కూలుగా మొదలైంది. ఉపాధ్యాయులను తయారుచేసే ట్రైనింగ్ కాలేజీ 1894 నుంచి అదే ఊళ్లో ఉంది. చిత్రకారుడు ఓస్వాల్డ్ కూల్డ్రే ఆర్ట్స్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన రోజుల్లో దామెర్ల రామారావు, అడవి బాపిరాజు వంటివాళ్లు ఆయన ప్రభావంలో ఎదిగారు.

కందుకూరి వీరేశలింగం పంతులు గారి సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన కోరంగిలోనూ ధవళేశ్వరంలోనూ ఇంగ్లీషు చెప్పే బడుల్లో పనిచేశారు. గోల్డ్‌స్మిత్ రాసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ చదివారు. ఆ స్ఫూర్తితో 1878లో రాజశేఖర చరిత్రము రాశారు. కానీ కథను ఇంగ్లండు పల్లెలో ఉంచలేదు. గోదావరి ఒడ్డున ధవళేశ్వరంలో, మన ఇళ్ల మధ్య, మన మూఢనమ్మకాల మధ్య నిలబెట్టారు. 1887లో హచిన్‌సన్ అనే ఆయన దాన్ని ఫార్చ్యూన్స్ వీల్ పేరుతో ఇంగ్లీషులోకి అనువదిస్తే లండన్‌లో అచ్చయింది. ఇంగ్లీషు పుస్తకం చదివి సొంత ఊరి గురించి రాసిన మనిషి మాట తిరిగి ఇంగ్లీషు దాకా వెళ్లింది. రాయడం నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం ఈ జిల్లాల్లో దొరకదు.

మరో చరిత్ర కూడా ఈ లేఖకు నేరుగా సంబంధించిందే. 1906-07 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర కోస్తాలో బడుల తనిఖీ అధికారి. భాషను మాటల నుంచి నేరుగా నేర్పాలన్న పద్ధతి మీద ఆయనకు నమ్మకం. తెలుగు నేర్చుకోబోతే జనం మాట్లాడే తెలుగు వేరు, బడి పుస్తకంలో తెలుగు వేరు. ఇదేమిటని ఆయన అడిగిన ప్రశ్న గిడుగు రామమూర్తి పంతులు గారిని కదిలించింది. ఆ తర్వాత పదేళ్లు, విద్యార్థి పరీక్షలో ఏ తెలుగులో వ్యాసం రాయాలన్న దాని మీద గ్రాంథికం కోసం జయంతి రామయ్య పంతులు ఒకవైపు, వాడుక తెలుగు కోసం గిడుగు ఇంకోవైపు నిలబడి పోరాడారు. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడితే, జీవితపు చివరి నెలల్లో ఉన్న వీరేశలింగం గారే దానికి అధ్యక్షులయ్యారు. నోటికి రాని భాషను పిల్లవాడు చేత్తో రాయాల్సి వస్తే కంఠతా పట్టడం తప్ప ఇంకో దారి లేదని అప్పుడు తెలుగు గురించి తేలింది. వందేళ్ల తర్వాత ఇంగ్లీషు పీరియడ్‌లో జరుగుతున్నదీ అదే.

సరే, మరి వ్యాకరణం? అసలు చిక్కు ఇక్కడే ఉంది. దీన్ని కాస్త వివరంగా చూడాలి.

అంబాజీపేట వైపు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తండ్రి గురించి రాసిందనుకుందాం. తండ్రి కొబ్బరికాయలు వలిచే కూలీ. తెల్లారకముందే వెళ్లి, నేలలో పాతిన ఇనుప మొనకు కాయను గుచ్చి, రెండు మూడు తిప్పుల్లో పీచు ఊడదీసే మనిషి. ఆ పిల్ల ఇలా రాస్తుంది: ‘మై ఫాదర్ ఈజ్ పీలింగ్ కోకోనట్స్ ఫ్రమ్ టెన్ ఇయర్స్.’ మాస్టారు ఎర్రసిరాతో గీత కొట్టి, పక్కన సరైన వాక్యం రాసి, పుస్తకం తిరిగి ఇచ్చేస్తారు. పిల్లకి అర్థమయ్యేది ఒకటే: తనకి ఇంగ్లీషు రాదు.

నిజానికి ఆ పిల్ల చేసింది తెలివైన పని. ‘మా నాన్న పదేళ్ల నుంచి కాయలు వలుస్తున్నాడు’ అన్న తెలుగు వాక్యాన్ని పొల్లుపోకుండా దించింది. తెలుగులో ఇప్పుడు వలుస్తున్నా, పదేళ్ల నుంచి వలుస్తున్నా క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో అప్పుడెప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనికి వేరే రూపం కావాలి: ‘హాజ్ బీన్ పీలింగ్.’ ‘పదేళ్లు’ అనే నిడివికి ‘ఫర్’, ‘2015 నుంచి’ అని మొదలైన క్షణం చెప్పాలంటే ‘సిన్స్’. తెలుగులో రెంటికీ ‘నుంచి’ సరిపోతుంది. ఈ తేడాను పిల్ల రాసిన వాక్యం మీదే, తెలుగులో, అయిదు నిమిషాల్లో చెప్పవచ్చు. టెన్సుల పట్టిక పన్నెండు గళ్లూ ఒప్పజెప్పిస్తే ఈ ఒక్క సంగతి అందులో మునిగిపోతుంది.

ఇంకొకటి. ఆ పిల్లే రాసిన మరో వాక్యం: ‘మై ఫాదర్ టోల్డ్ దట్ ఐ విల్ బై ఎ సైకిల్ ఫర్ యూ.’ చదివితే సైకిల్ కొనేది పిల్లే అనిపిస్తుంది. తెలుగులో ‘నీకు సైకిల్ కొంటానని మా నాన్న అన్నాడు’ అంటాం. మన భాషలో ‘అని’ వచ్చిందంటే దాని ముందున్నది అవతలి మనిషి అన్న మాట. ‘కొంటాను’ అన్న మాట తండ్రి నోట్లో ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. ‘దట్’ పెట్టగానే మాట చెప్పేవాళ్ల వైపు తిరగాలి. ‘ఐ’ కాస్తా ‘హి’ అవుతుంది, ‘యూ’ కాస్తా ‘మి’ అవుతుంది, ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతుంది. డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అని పదో తరగతిలో బండెడు అభ్యాసాలు చేయిస్తారు. ‘అని’ గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పరు. ఆ ఒక్కటీ చెబితే తెలుగు పిల్లలు ఎందుకు తడబడతారో వాళ్లకే తెలిసిపోతుంది.

‘మా నాన్నగారు వచ్చారు’ అనడం అలవాటైన పిల్లకి తండ్రి పక్కన ‘ఆర్’ పెట్టాలనిపించడం సహజం. గౌరవం కోసం బహువచనం వాడే భాష మనది. ‘ఇప్పుడే వచ్చాను’ అంటే ‘నేను’ వేరే చెప్పనక్కర్లేదు, ఆ ‘ను’లోనే మనిషి ఉన్నాడు. అందుకే ఇంగ్లీషు వాక్యంలో కర్త ఎగిరిపోతుంది. ఇవన్నీ లెక్కపెట్టదగినన్ని చోట్లే వస్తాయి. తెలుగు పిల్లలు చేసే తప్పులు ఎవరికి వారు చేసే వింత తప్పులు కావు. ఒకే భాష నుంచి వచ్చేవాళ్లు ఒకే చోట జారతారు. ఆ చోట్లు ముందే తెలిసినప్పుడు పాఠ్యపుస్తకం వాటిని ఎందుకు పట్టించుకోకూడదు?

అన్నిటికంటే కష్టమనుకునేది ‘ఎ’, ‘ది’ల సంగతి. తెలుగులో అవి లేవు కాబట్టి రావని చేతులెత్తేయడం రివాజు. కానీ కథ చెప్పమంటే మన పిల్లలు ఎలా మొదలెడతారు? ఒక ఊళ్లో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. మొదటిసారి వచ్చినప్పుడు ‘ఒక’, రెండోసారి ‘ఆ’. ఇంగ్లీషులో మొదటిసారికి ‘ఎ’, రెండోసారికి ‘ది’. ఆర్టికల్స్ విషయం అంతా ఇంతటితో అయిపోదు. నదుల పేర్లకీ, దేశాల పేర్లకీ, లెక్కపెట్టలేని వస్తువులకీ వేరే నియమాలున్నాయి. అయినా రోజువారీ రాతలో పెద్ద భాగం ఈ ఒక్క సూత్రంతో దారికి వస్తుంది, పిల్లలకి అది అమ్మమ్మ కథల్లోనే వచ్చేసింది.

మన భాష దగ్గర పెట్టుకుని పరాయి భాష నేర్చుకోవడం తప్పేమీ కాదని ఇంగ్లీషువాళ్లే చేసి చూపించారు. క్యాంబెల్ 1816లో, బ్రౌన్ 1840లో, మచిలీపట్నంలో మిషనరీగా ఉన్న ఆర్డెన్ 1873లో తెలుగు వ్యాకరణాలు అచ్చువేశారు. మూడూ ఇంగ్లీషులో రాసినవే. తెలుగు రూపం పక్కన ఇంగ్లీషు రూపం పెట్టి, ఇక్కడ మీరు ఇలా అంటారు, వీళ్లు ఇలా అంటారు అని చెప్పిన పుస్తకాలే. తెలుగు మాట వినబడితే జరిమానా వేసే ప్రైవేటు బడులు ఈ జిల్లాల్లో ఉన్నాయన్నది అందరికీ తెలుసు. ఆ పిల్లలు తెలుగులో మాట్లాడడం మానేస్తారేమో గానీ, తెలుగులో ఆలోచించడం మానరు. వాళ్ల ఆలోచనకీ ఇంగ్లీషు వాక్యానికీ మధ్య ఏం జరుగుతోందో చెప్పే మనిషి మాత్రం లేకుండా పోతాడు.

ఇక దిద్దడం. 1996లో జాన్ ట్రస్కాట్ అనే భాషాశాస్త్రవేత్త, రెండో భాషలో రాసేవాళ్ల వ్యాకరణాన్ని ఉపాధ్యాయులు దిద్దడం వృథా, దానివల్ల చెడుపే ఎక్కువ అని రాశాడు. మూడేళ్లకు డానా ఫెరిస్ కాదని జవాబిచ్చింది. ఆ వాదం చాలాకాలం నడిచింది. 2008లో న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో జాన్ బిచెనర్ 75 మంది విద్యార్థుల మీద జరిపిన పరిశీలన ఒకటి అచ్చయింది. అన్ని తప్పులూ దిద్దకుండా ‘ఎ’, ‘ది’ల రెండు వాడుకలను మాత్రమే పట్టుకున్నారు: మొదటిసారి చెప్పినప్పుడు ‘ఎ’, మళ్లీ చెప్పినప్పుడు ‘ది’. తప్పులు దిద్దించుకున్న విద్యార్థులు దిద్దించుకోనివాళ్లకంటే మెరుగయ్యారు, రెండు నెలల తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచింది. మన ‘ఒక’, ‘ఆ’ సంగతి అచ్చంగా ఇదే. పేజీ నిండా ఎర్రసిరా పోయకుండా ఈ వారం ఒక్క తప్పును పట్టుకుని దిద్దినా ఫలితముంటుందని దీన్నిబట్టి అనవచ్చు.

ఉపాధ్యాయుల మీద నేరం మోపడం ఈ లేఖ ఉద్దేశం కాదు. అయిదు సెక్షన్లు చెప్పే మాస్టారికి సెక్షన్‌కి ముప్ఫై మంది అనుకుంటే నూటయాభై పుస్తకాలు. పుస్తకానికి అయిదు నిమిషాలు వేసుకున్నా పన్నెండున్నర గంటలు. దాని పైన యాప్‌లో హాజరు, ఫొటోలు, రికార్డులు. రాత్రి పదింటికి కూర్చుని నూటయాభై పేజీలు ఓపికగా చదవమని ఏ మనిషిని అడగగలం? అందుకే పని తగ్గించాలి, తగ్గించిన పని నిజంగా జరిగేలా చూడాలి. వారానికి ఒక సెక్షన్, పిల్లకి ఎనిమిది వాక్యాలు, దిద్దాల్సింది ఒకే రకం తప్పు. మిగతా వారాల్లో పిల్లలు జతలుగా కూర్చుని ఒకరిది ఒకరు పైకి చదువుకుంటారు. చెవికి తగిలే తప్పులు చాలావరకు అక్కడే దొరికిపోతాయి.

సంచాలకుల వారికి ఈ జిల్లాల తరఫున చేసే విన్నపాలు పెద్దవేమీ కావు.

పదో తరగతి ప్రశ్నపత్రంలో ఉత్తరం అడిగే చోట ఒక్క ప్రశ్నను పిల్లల ఊరికి ముడిపెట్టండి. మీ ఊళ్లో మనుషులు చేసే ఒక పనిని, దానికి వాడే పనిముట్లతో సహా, చూడనివాళ్లకి అర్థమయ్యేలా రాయండి అని అడగండి. ఆత్రేయపురంలో పల్చటి రేకులా పూతరేకు తీయడం, ఉప్పాడలో జాందానీ నేయడం, నరసాపురంలో లేసు అల్లడం, కొల్లేటి ఒడ్డున చేపల చెరువు కాయడం. గైడు ఎన్ని ఊళ్లకని జవాబులు అచ్చువేస్తుంది? జవాబులో తప్పులుంటే ఉండనివ్వండి. చదివినవాడికి ఆ పని కళ్లకు కట్టిందా లేదా అన్నదానికి సగం మార్కులు ఇవ్వమని మూల్యాంకన కేంద్రాలకు రాసి పంపండి.

నిర్మాణాత్మక మూల్యాంకనంలో రాత పనులకు ఇప్పటికే చోటుంది. ఆ మార్కులు నీటుగా ఎక్కించుకున్న నోటుపుస్తకానికి పోకుండా, మొదటి చిత్తు, దిద్దిన చిత్తు, తిరిగి రాసిన ప్రతి, మూడూ కలిపి చూపించిన పిల్లలకు పోవాలి. చిత్తు ప్రతిలో కొట్టివేతలు ఉండడం తప్పు కాదని పిల్లలకి బడి చెప్పాలి. ఇప్పటి పద్ధతిలో కొట్టివేత అంటేనే వాళ్లకి భయం.

ద్విభాషా పుస్తకాలను ఇంగ్లీషు పీరియడ్‌లోకి తీసుకురండి. సైన్సు పాఠంలో ఎదురెదురుగా ఉన్న రెండు వాక్యాలు తీసుకుని, తెలుగులో క్రియ ఎక్కడుంది, ఇంగ్లీషులో ఎక్కడికి పోయింది, తెలుగులో ‘చే’ ఉన్న చోట ఇంగ్లీషులో ఏమొచ్చింది అని పిల్లల చేతే వెతికించవచ్చు. ఖర్చు లేదు, పుస్తకం వాళ్ల సంచిలోనే ఉంది.

నాలుగోది కాస్త పని ఉన్నది. తెలుగు పిల్లలు ఇంగ్లీషు రాసేటప్పుడు ఎక్కడెక్కడ జారతారో, ఎందుకో, తెలుగులోనే వివరించే వంద పేజీల చేతిపుస్తకం ఒకటి ప్రతి ఇంగ్లీషు ఉపాధ్యాయుడి దగ్గరా ఉండాలి. దాన్ని హైదరాబాదు, బెంగళూరు నిపుణులు రాసి పంపితే సరిపోదు. రాజమహేంద్రవరం ట్రైనింగ్ కాలేజీ, బొమ్మూరు, దూబచర్ల డైట్‌లు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు) కలిసి, పనిచేస్తున్న ఉపాధ్యాయుల చేత, పిల్లల అసలు నోటుపుస్తకాల నుంచి వాక్యాలు ఏరి తయారుచేయాలి. డైట్‌లో చదువుకునే ఛాత్రోపాధ్యాయులు బడులకు బోధనాభ్యాసానికి వెళ్లినప్పుడు తలా యాభై వాక్యాలు పట్టుకొచ్చినా ఒక్క ఏడాదిలో కావలసినంత సామగ్రి పోగవుతుంది. పిల్లల పేర్లు అక్కర్లేదు. తరగతి, మండలం, వాక్యం చాలు.

వేసవి సెలవుల్లో ఉపాధ్యాయ శిక్షణ తరగతులు ఎలాగూ పెడతారు. వాటిలో ఒక పూటను దీనికి కేటాయించి, ప్రతి ఉపాధ్యాయుడూ తన బడి నుంచి దిద్దని నోటుపుస్తకాలు అయిదు తెచ్చుకోవాలని ముందుగా ఒక సర్క్యులర్ పంపితే, చేతిపుస్తకం మొదటి పేజీలు అక్కడే మొదలుపెట్టవచ్చు. ఆ సర్క్యులర్ మార్చిలోగా రావాలి. ఏప్రిల్ దాటితే పిల్లల పుస్తకాలు పాత కాగితాల కొట్టుకి వెళ్లిపోతాయి.

ఇట్లు,
గోదావరి జిల్లాల బడి చదువుల గురించి రాసే ఒక పత్రికా రచయిత